బి.టెక్. పట్టాతో ఆగిపోవద్దు: గేట్, పీజీఈసెట్‌లకు ఏమి చదవాలి?

(కర్నూలులో ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)





నేను ప్రొఫెసరును కాను, ఇంజనీరును కాను. గణితంలో బి.ఎస్సీ. పూర్తిచేసి, ముప్పై నాలుగు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం నా బల్ల మీద ఉన్నవి కుల ధ్రువీకరణ పత్రాలు, ఆదాయ ధ్రువీకరణ పత్రాలే. ఏ పత్రం ఎవరికి కావాలో, దానికి ఏ జతపత్రాలు చేర్చాలో నాకు కంఠతా వచ్చు. అయితే ఆ పత్రం పట్టుకొని వెళ్లిన పిల్లవాడు దానితో ఏ తలుపు తట్టగలడో మాత్రం నాకు చాలాకాలం తెలియదు. ఈ రోజు మీ ముందు నిలబడడానికి కారణం ఆ తెలియకపోవడమే.

పదిహేను సంవత్సరాల క్రితం ఒక అమ్మాయి ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం వచ్చింది. తండ్రి దర్జీ. ఆమె సివిల్ ఇంజనీరింగ్‌లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. "ఇక ముందేం చదువుతావమ్మా?" అని అడిగాను. "ఇంకేముంది సార్, చదువు అయిపోయింది కదా" అన్నది. నేను తల ఊపి, ముద్ర వేసి పత్రం చేతికిచ్చాను. గేట్ అనే పరీక్ష ఒకటి ఉందని, అందులో అర్హత సాధించి ఎం.టెక్.లో చేరితే చదివినన్నాళ్లూ ప్రభుత్వమే నెలనెలా భృతి ఇస్తుందని ఆ రోజు నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ అమ్మాయికి చెప్పి ఉండేవాడిని. ఆ ఒక్క మాట చెప్పలేకపోయినందుకు నేటికీ బాధపడుతుంటాను.

ఇది ఒక్క అమ్మాయి సంగతి కాదు. 2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదికను చూడండి. 2001 జనగణన ప్రకారం దేశంలో ఇరవై ఏళ్లు, ఆపైన వయసున్న జనాభాలో సుమారు 7 శాతం మంది పట్టభద్రులో, డిప్లొమాదారులో కాగా, ముస్లింలలో ఆ వాటా 4 శాతం కంటే తక్కువ అని ఆ నివేదిక పేర్కొన్నది. అంతకంటే ఆలోచింపజేసే విషయం మరొకటి ఉన్నది. దేశంలోని ప్రముఖ కళాశాలలలో డిగ్రీ స్థాయిలో ఇరవై ఐదుగురిలో ఒకరు ముస్లిం విద్యార్థి కాగా, పోస్ట్ గ్రాడ్యుయేట్ స్థాయిలో యాభై మందిలో ఒక్కరే ఉన్నారు. ఒక మెట్టు ఎక్కేసరికి మన వాటా సగానికి సగం పడిపోతున్నది. ఆ నివేదిక పాతదే. కానీ ఆ రెండు మెట్ల మధ్య మన పిల్లలు జారిపోవడాన్ని నేను నా బల్ల దగ్గరే ఏళ్ల తరబడి చూశాను. వారిలో తెలివి లేనివారు తక్కువ. దారి తెలియనివారే ఎక్కువ.

కాబట్టి ఈ రోజు హక్కుల గురించి ఆవేశంగా మాట్లాడబోవడం లేదు. ఏ పరీక్ష రాయాలి, దానికి ఏ పాఠ్యాంశాలు చదవాలి అన్న విషయాన్ని వివరంగా చెప్పబోతున్నాను. దారి తెలియనివారికి హక్కు ఉండీ ఉపయోగపడదు.

మొదట గేట్ పరీక్ష స్వరూపం తెలుసుకుందాం. దీనిని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, ఏడు ఐ.ఐ.టి.లు కలిసి వంతులవారీగా నిర్వహిస్తాయి. సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దరఖాస్తులు మొదలవుతాయి. ఫిబ్రవరిలో పరీక్ష జరుగుతుంది. మార్చిలో ఫలితాలు వెలువడతాయి. బి.టెక్. మూడవ సంవత్సరంలో ఉన్నవారు కూడా రాయవచ్చు. వయోపరిమితి లేదు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు. వచ్చిన స్కోరు ఫలితాల నాటి నుండి మూడు సంవత్సరాలు చెల్లుతుంది. అమ్మాయిలకు దరఖాస్తు రుసుములో రాయితీ ఉన్నది. ప్రశ్నపత్రం ఆంగ్లంలోనే ఉంటుంది.

ఈ స్కోరుతో ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.లు, రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఎం.టెక్., ఎం.ఆర్క్., ఎం.ప్లాన్. కోర్సులలో ప్రవేశం పొందవచ్చు. కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఉద్యోగ నియామకాలకు కూడా దీనిని పరిగణనలోకి తీసుకుంటాయి. ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతి పొందిన సంస్థలో గేట్ అర్హతతో పూర్తికాలం ఎం.టెక్. చేసేవారికి, నిబంధనలకు లోబడి, నెలకు 12,400 రూపాయల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఉపకార వేతనం లభిస్తుంది. లెక్క వేయండి: 2,97,600 రూపాయలు. పరిశోధక విద్యార్థులైన మైనారిటీల కోసం ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. దానిని పునరుద్ధరించమని అడగవలసిందే, అడుగుతూనే ఉండాలి. అయితే గేట్ ద్వారా వచ్చే భృతి మతం అడగదు, తండ్రి ఆదాయం అడగదు. స్కోరు మాత్రమే అడుగుతుంది. అందుబాటులో ఉన్నదానిని మనం వదులుకోవడం న్యాయం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గేట్ పరీక్ష మూడు గంటలు. 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఇందులో జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులు. ఎక్కువ ఇంజనీరింగ్ పేపర్లలో ఇంజనీరింగ్ గణితానికి 13 మార్కులు. మిగిలిన 72 మార్కులు ఆయా శాఖల పాఠ్యాంశాలకు.

15, 13 కలిపితే 28. ఈ 28 మార్కుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. "మా కళాశాలలో ప్రయోగశాల సరిగా లేదు, అధ్యాపకులు మధ్యలో వెళ్లిపోయారు, పెద్ద కళాశాలల పిల్లలతో మేము పోటీపడగలమా?" అని మన పిల్లలు అడుగుతుంటారు. వారి ఆవేదన నిజమే. అయితే ఈ 28 మార్కులకు ప్రయోగశాల అవసరం లేదు. పేరున్న కళాశాల అవసరం లేదు. ఇంటర్మీడియట్ గణితం గుర్తున్నవారు కాగితం, పెన్ను పట్టుకొని ఇంటి వరండాలో కూర్చొని సంపాదించుకోగల మార్కులు ఇవి. ఐ.ఐ.టి. విద్యార్థికీ మన వీధి కుర్రవాడికీ ఇక్కడ ఉన్న తేడా సాధన ఒక్కటే. అటువంటి మార్కులనే మన పిల్లలు "తరువాత చూద్దాం" అని వదిలేస్తున్నారు.

జనరల్ ఆప్టిట్యూడ్‌లో నాలుగు భాగాలు ఉంటాయి. ఒకటి ఆంగ్ల భాషా జ్ఞానం: వ్యాకరణం, పదాల వాడుక, ఒక పేరా చదివి సారాంశం గ్రహించడం. రెండవది అంకగణితం: శాతాలు, నిష్పత్తులు, పట్టికలు, గ్రాఫులు. మూడవది తర్కం. నాలుగవది ఆకారాలను ఊహించడం: కాగితం మడిచి కత్తిరిస్తే విప్పినప్పుడు ఎలా కనిపిస్తుంది, ఒక బొమ్మను తిప్పితే ఎలా ఉంటుంది వంటివి. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక వస్తువు ధర 20 శాతం పెరిగింది, తరువాత 20 శాతం తగ్గింది. ఇప్పుడు మొదటి ధరే ఉన్నదా? చాలామంది ఉన్నదంటారు. 100 రూపాయల వస్తువు 120 అయింది. 120లో 20 శాతం 24. తగ్గిస్తే 96. అంటే 4 శాతం తగ్గింది. దుకాణంలో తండ్రి పక్కన కూర్చున్న పిల్లవాడికి ఈ లెక్క కొత్త కాదు. దానిని పరీక్ష భాషలో గుర్తుపట్టడమే నేర్చుకోవాలి.

ఇంజనీరింగ్ గణితంలో దాదాపు అన్ని శాఖలకు ఉమ్మడిగా ఉండేవి లినియర్ ఆల్జీబ్రా, కాల్‌క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్. శాఖను బట్టి న్యూమరికల్ మెథడ్స్, కాంప్లెక్స్ వేరియబుల్స్, వెక్టర్ కాల్‌క్యులస్ చేరుతాయి. కంప్యూటర్ సైన్సువారికి డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ తప్పనిసరి. వీటిలో లినియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ముందుగా చదవమని నా సలహా. వాటి పరిధి చిన్నది, మాత్రికలూ సంభావ్యతా ఇంటర్‌లోనే పరిచయమైనవి కాబట్టి ధైర్యం త్వరగా వస్తుంది.

ఇక 72 మార్కుల శాఖా పాఠ్యాంశాలు. నాలుగేళ్లలో చదివిన నలభై సబ్జెక్టులను చూసి భయపడవద్దు. గేట్ సిలబస్ ప్రతి శాఖకూ కొద్ది పుటలే ఉంటుంది. దానిని శ్రద్ధగా చూస్తే కొన్ని తల్లి సబ్జెక్టులు, వాటి నుండి పుట్టిన పిల్ల సబ్జెక్టులు కనిపిస్తాయి. తల్లిని పట్టుకుంటే పిల్లలు వెంట వస్తాయి.

సివిల్ వారికి స్ట్రక్చరల్, జియోటెక్నికల్, వాటర్ రిసోర్సెస్, ఎన్విరాన్‌మెంటల్, ట్రాన్స్‌పోర్టేషన్, జియోమాటిక్స్ విభాగాలు ఉంటాయి. ఇందులో సాలిడ్ మెకానిక్స్ ఒక తల్లి. అది వస్తే స్ట్రక్చరల్ అనాలిసిస్ వస్తుంది. అది వస్తే కాంక్రీటు, ఉక్కు నిర్మాణాల రూపకల్పన వస్తుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ మరొక తల్లి. హైడ్రాలిక్స్, నీటిపారుదల దాని వెంటే ఉంటాయి. సాయిల్ మెకానిక్స్‌లో నేల, నీరు, గాలి మధ్య సంబంధాలు బాగా వస్తే పునాదుల అధ్యాయం బరువనిపించదు.

మెకానికల్ వారికి మూడు పెద్ద విభాగాలు. ఇంజనీరింగ్ మెకానిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, థియరీ ఆఫ్ మెషీన్స్, వైబ్రేషన్స్, మెషీన్ డిజైన్ ఒకటి. ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ రెండవది. మెటీరియల్స్, మాన్యుఫాక్చరింగ్, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ మూడవది. ఈ మూడవ విభాగాన్ని చిన్నచూపు చూసేవారు ఎందరో ఉన్నారు. ఇన్వెంటరీ, లినియర్ ప్రోగ్రామింగ్ వంటి అధ్యాయాలు కొద్ది రోజుల్లో పూర్తి చేయవచ్చు.

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ శాఖలు రెండింటికీ తల్లి నెట్‌వర్క్స్. దాని తరువాత సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ఆ తరువాత కంట్రోల్ సిస్టమ్స్. ఎలక్ట్రికల్ వారు మెషీన్స్, పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, మెజర్‌మెంట్స్ మీద దృష్టి పెట్టాలి. ఎలక్ట్రానిక్స్ వారు డివైసెస్, అనలాగ్, డిజిటల్ సర్క్యూట్స్, కమ్యూనికేషన్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్ చదవాలి.

కంప్యూటర్ సైన్సువారికి ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ తల్లి. దాని వెంట అల్గారిథమ్స్. తరువాత ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, కంప్యూటర్ నెట్‌వర్క్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, డిజిటల్ లాజిక్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్, కంపైలర్ డిజైన్. 2024 నుండి డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కు ప్రత్యేక పేపరు వచ్చింది. అందులో ప్రాబబిలిటీ, లినియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్, డేటాబేస్, మెషీన్ లెర్నింగ్ వంటివి ఉంటాయి. పేరు కొత్తదే అయినా పునాది మళ్లీ గణితమే.

ఇప్పుడు ఆర్కిటెక్చర్ గురించి. ఈ సభలో బి.ఆర్క్. పిల్లలు తక్కువగా ఉన్నారు. మన సముదాయం ఈ వైపు దాదాపు చూడడం లేదు. నాకు ఇది విచారంగా తోస్తుంది. ఎందుకంటే మన ప్రాంతంలో 1591లో చార్మినార్ లేచింది. గోల్కొండ సమీపంలో కుతుబ్‌షాహీ సమాధులు ఉన్నాయి. పక్కనే బీదరులో మహమూద్ గవాన్ మదరసా ఉన్నది. కమానులు, గుమ్మటాలు మన పూర్వీకుల చేతిపని. గేట్ ఆర్కిటెక్చర్ పేపరులో వాస్తు చరిత్ర ఒక పాఠ్యాంశం. మన పిల్లలు ఆ కట్టడాల నీడలో తిరుగుతూ వాటి గురించి పరీక్ష రాయలేకపోవడం ఏమిటి?

ఆర్కిటెక్చర్, ప్లానింగ్ పేపరులో ఇంజనీరింగ్ గణితం లేదు. జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులు, అందరూ రాయవలసిన మొదటి భాగానికి 60 మార్కులు, ఎంపిక చేసుకునే రెండవ భాగానికి 25 మార్కులు. మొదటి భాగంలో డిజైన్ సూత్రాలు, నిర్మాణం, నిర్వహణ, పర్యావరణ ప్రణాళిక, అర్బన్ డిజైన్, ల్యాండ్‌స్కేప్, కట్టడాల పరిరక్షణ, ప్లానింగ్ ప్రక్రియ, గృహనిర్మాణం ఉంటాయి. రెండవ భాగంలో ఆర్కిటెక్చర్ ఎంచుకున్నవారు వాస్తు చరిత్ర, సమకాలీన వాస్తు, నిర్మాణ వ్యవస్థలు, భవన సేవలు చదవాలి. ప్లానింగ్ ఎంచుకున్నవారు ప్రాంతీయ ప్రణాళిక, ప్రణాళికా పద్ధతులు, మౌలిక వసతులు చదవాలి. ఏ భాగం ఎంచుకోవాలో ముందే నిర్ణయించుకొని చదవడం మంచిది.

చదివేదేమిటో తెలియడానికి ఒక చిన్న లెక్క. 500 చదరపు మీటర్ల స్థలం ఉన్నది. ఫ్లోర్ ఏరియా రేషియో 2. అంటే అన్ని అంతస్తులూ కలిపి 1000 చదరపు మీటర్లు కట్టవచ్చు. నేల మీద 50 శాతమే ఆక్రమించవచ్చు అంటే ఒక్కో అంతస్తు 250 చదరపు మీటర్లు. మొత్తం నాలుగు అంతస్తులు. బొమ్మలు గీయడం వస్తే చాలదు, ఇటువంటి లెక్కలు వేగంగా చేయాలి. సూర్యుని దిశ, గాలి, నీటి సరఫరా, పార్కింగు కూడా లెక్కలుగానే వస్తాయి.

ప్లానింగ్ గురించి మరొక మాట. మన పేటల్లో డ్రైనేజీ ఎందుకు లేదు, పార్కు ఎందుకు లేదు, బడికి స్థలం ఎందుకు మిగలలేదు అని ప్రతి ఎన్నికలప్పుడూ అడుగుతుంటాం. పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తినిచ్చిన 74వ సవరణ 1992 నాటిది. పట్టణ ప్రణాళికను వాటి విధులలో ఒకటిగా చేర్చినదీ ఆ సవరణే. ప్లానింగ్ చదివేవారు అదీ చదవాలి. మాస్టర్ ప్లాన్ గీసే బల్ల దగ్గర మన పేటలను ఎరిగినవారు ఒక్కరైనా కూర్చున్నారా? వినతిపత్రం ఇచ్చేవారు మనలో ఎందరో ఉన్నారు. పటం చదవగలిగినవారు కావాలి. ప్లానింగ్ కోర్సులలో సివిల్ పట్టభద్రులను కూడా అనేక సంస్థలు చేర్చుకుంటాయి. విజయవాడలో 2008 నుండి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉన్నది. హైదరాబాదులో వాస్తు, లలిత కళలకు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉన్నది. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో వాస్తు విభాగం ఉన్నది. ఇంజనీరింగ్ మనకు కొత్త విద్య కాదు. మంజీర నది మీద నిజాం సాగర్‌ను కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ జన్మదినమైన జులై 11న తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటున్నారు.

గేట్‌తో పాటు రాష్ట్ర స్థాయి పరీక్ష పీజీఈసెట్ ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు వేర్వేరుగా నిర్వహిస్తాయి. సాధారణంగా వేసవిలో, గేట్ తరువాత జరుగుతుంది. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు. తప్పు జవాబుకు కోత లేదు. పాఠ్యాంశాలు చాలావరకు ఒక్కటే. తేడా లోతులో ఉన్నది. గేట్ ప్రశ్నకు ఆలోచించే సమయం సగటున రెండున్నర నిమిషాలకు పైగా ఉంటుంది. పీజీఈసెట్‌లో ఒక్క నిమిషమే. గేట్‌కు లోతుగా చదివినవారు, తరువాతి రెండు మూడు నెలలు వేగం పెంచుకుంటే పీజీఈసెట్ కూడా రాయవచ్చు. ప్రవేశాలలో గేట్ అర్హులకు ముందు అవకాశం ఇస్తారు కాబట్టి మొదటి గురి గేట్ మీదే ఉండాలి.

పరీక్ష గదిలో పాటించవలసినవి కూడా చెబుతాను. గేట్‌లో మూడు రకాల ప్రశ్నలు వస్తాయి. నాలుగింటిలో ఒకే సరైన జవాబు ఉన్నవి మొదటి రకం. వీటిలో తప్పు రాస్తే ఒక మార్కు ప్రశ్నకు మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతులు పోతాయి. ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఉండగలవి రెండవ రకం. అన్నీ సరిగా గుర్తిస్తేనే మార్కు. జవాబును అంకెగా నమోదు చేయవలసినవి మూడవ రకం. ఈ చివరి రెండు రకాలకు కోత లేదు. కాబట్టి మొదటి రకంలో గుడ్డిగా ఊహించవద్దు, మిగిలిన రెండింటినీ ఖాళీగా వదలవద్దు. పీజీఈసెట్‌లో అయితే ఒక్క ప్రశ్న కూడా వదలనక్కరలేదు. కాలిక్యులేటరు తెర మీదే ఇస్తారు. దానిని ఇంట్లోనే అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు నా ఇంటి సంగతి. మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ చదివింది. మొదటిసారి గేట్‌కు ఒక శిక్షణ కేంద్రంలో చేర్చాను. నా భవిష్యనిధి నుండి అప్పు తీసుకొని రుసుము కట్టాను. వారు ఇచ్చిన పుస్తకాలు ఒక సంచి నిండాయి. అమ్మాయి అన్నీ మొదటి పుట నుండి చదవడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి వచ్చేనాటికి సగం పుస్తకాలు తెరవనేలేదు. గణితం "వచ్చు కదా" అని ముట్టుకోలేదు. పరీక్ష నుండి వచ్చి ఒకే మాట అన్నది: "అబ్బా, చదివినవి రాలేదు. వచ్చినవి చదవలేదు."

ఆ రాత్రి ఇద్దరం కూర్చున్నాము. సిలబస్ పుటలు ముద్రించి గోడకు అంటించాము. గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకొని, ఏ ప్రశ్న ఏ అధ్యాయం నుండి వచ్చిందో ఆ గోడ మీది కాగితం మీదే గీతలు గీశాము. ఏ అధ్యాయం పక్కన గీతలు ఎక్కువ ఉన్నాయో అదే ముందు చదవాలని నిశ్చయించాము. నలభై ఏళ్ల క్రితం నేను చదివిన మాత్రికలు, సమాకలనం నాకు మళ్లీ పనికివచ్చాయి. ప్రతి రోజూ ఇషా నమాజు తరువాత ఒక గంట గణితం నాతోనే చేసేది. ఎన్‌.పి.టి.ఇ.ఎల్.లో ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. అవే విన్నది. ఒక్కో సబ్జెక్టుకు ఒక్క పుస్తకం, దాని చివర తన చేతితో రాసుకున్న సూత్రాల పుటలు. శిక్షణ కేంద్రానికి మళ్లీ రూపాయి కట్టలేదు. రెండవసారి ప్రభుత్వ సంస్థలో ఎం.టెక్. సీటు వచ్చింది. మొదటి నెల భృతి వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి, "అబ్బా, చదువుకుంటున్నందుకు జీతం ఇచ్చారు" అన్నది. అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆ దర్జీగారి అమ్మాయి.

శిక్షణ అసలే వద్దని నేననడం లేదు. స్తోమత ఉన్నవారు తీసుకోవచ్చు. అయితే అప్పు చేసి శిక్షణ కొనే ముందు, సిలబస్, పాత ప్రశ్నపత్రాలు, ఉచిత పాఠాలు ఈ మూడింటితో మూడు నెలలు ప్రయత్నించి చూడండి.

చదువు పూర్తయినా ఒక కాగితం వల్ల సీటు పోవడం నేను చూశాను. ఇది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి గట్టిగా చెబుతాను. 2007 చట్టం ద్వారా ముస్లింలలోని సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. న్యాయస్థానాలలో వివాదం నడిచినా, సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. పీజీఈసెట్ ప్రవేశాలలో ఇది పనికివస్తుంది. అయితే ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.లు కేంద్ర సంస్థలు. అక్కడ కేంద్ర ఓ.బి.సి. జాబితాయే ప్రమాణం. రాష్ట్ర జాబితాలోని వర్గాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. దూదేకుల వర్గం రాష్ట్రంలో బి.సి.-బి లోనూ, కేంద్ర జాబితాలోనూ ఉన్నది. మిగిలినవారు తమ వర్గం పేరును కేంద్ర జాబితాలో స్వయంగా చూసుకోవాలి. ఉంటే, కేంద్రం నిర్దేశించిన నమూనాలోనే, క్రీమీలేయర్ కాదన్న ధ్రువీకరణతో పత్రం తీసుకోవాలి. లేకపోతే, కుటుంబ ఆదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి, ఆస్తి పరిమితులకు లోబడి ఉంటే, ఆర్థికంగా బలహీన వర్గాల పత్రానికి అర్హత ఉందేమో విచారించాలి. ఒక కుర్రవాడు మంచి స్కోరు తెచ్చుకొని, కేంద్ర సంస్థ కౌన్సెలింగ్‌లో రాష్ట్ర నమూనా పత్రం జతచేశాడు. దానిని అంగీకరించలేదు. సరైన పత్రం తెచ్చేలోగా గడువు దాటింది. ఒక సంవత్సరం పోయింది. కౌన్సెలింగ్ సమయంలో కార్యాలయాల చుట్టూ తిరగడం కంటే, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే దరఖాస్తు చేయండి. ఇటీవలి తేదీ ఉన్న పత్రాన్నే అడుగుతారు కాబట్టి పాతదాన్ని నమ్ముకోవద్దు. పదవ తరగతి ధ్రువపత్రంలో, ఆధార్‌లో, డిగ్రీ పత్రంలో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో ఇవాళే చూసుకోండి. షేక్, షైక్, ఎస్.కె. అని మూడు చోట్ల మూడు విధాలుగా ఉండడం మన పిల్లలకే ఎక్కువ.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. కొడుకు బి.టెక్. కాగానే ఏదో ఒక ఉద్యోగంలో చేరాలని, కూతురు బి.టెక్. కాగానే నిఖా జరగాలని తొందరపడతాం. ఇంటి పరిస్థితులు నాకు తెలుసు. నేనూ చిన్న జీతంతో ముగ్గురు పిల్లలను పెంచినవాడినే. అయినా ఒక్క సంవత్సరం వారికి ఇవ్వండి. ఆ సంవత్సరంలో రోజుకు అయిదారు గంటలు ఎవరూ పని చెప్పని ఒక మూల ఇవ్వండి. అమ్మాయిలకు ఆ మూల అబ్బాయిల కంటే ఎక్కువ అవసరం. పరీక్ష ముందు వారం ఇంట్లో శుభకార్యం పెట్టుకోకండి.

విద్యార్థులారా, ఈ రోజే చేయవలసిన పని ఒకటే. ఇంటికి వెళ్లి మీ శాఖ సిలబస్ తీసి గోడకు అంటించండి. రేపటి నుండి ఆ 28 మార్కులతో మొదలుపెట్టండి. మీలో ఒకరు అర్హత సాధిస్తే, మరుసటి సంవత్సరం ఇద్దరికి నేర్పండి. ప్రతి ఆదివారం ఉదయం పది గంటల నుండి మా ఇంటి వరండాలో నేను కూర్చొని ఉంటాను. గణితం చెబుతాను, దరఖాస్తులు పూరిస్తాను, పత్రాలు సరిచూస్తాను. ఏ మతం పిల్లలు వచ్చినా ఆ వరండాలో చోటు ఉంటుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నా బల్ల దగ్గరకు వచ్చినవారికి పత్రం మాత్రమే ఇచ్చాను. ఇప్పుడు ఆ పత్రంతో ఎక్కడికి వెళ్లవచ్చో కూడా చెప్పాలని నా ఆశ. ఆ దర్జీగారి అమ్మాయి ఈ రోజు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఆమెకు ఇప్పుడు బడికి వెళ్లే పిల్లలు ఉండి ఉంటారు. ఆ పిల్లలలో ఎవరైనా పట్టా చేతికి వచ్చిన రోజున "చదువు అయిపోయింది" అనకుండా ఉంటే నాకంతే చాలు.